అబ్రహాం బావి కాడి కరెంటు

చింతచిగురును రెండు అరచేతుల మధ్య వేసి నలుపుతోంది రోజా. లేత ఆకు చాటలో రాలుతోంది, పుల్లలు చేతిలో మిగులుతున్నాయి. ఎనిమిది కాకముందే ఎండ వాకిలి సగం ఆక్రమించింది. వంటింట్లో మాంసం కడుగుతున్న తల్లి కిష్టమ్మ అప్పటికి మూడోసారి కేకేసింది.

"ఏమే, ఇంకా కాలేదా? బిడ్డ పదకొండింటికల్ల వస్తనన్నది."

"వస్తే రానీ. నేనేమన్న నిద్రపోతున్ననా?"

"పుల్లలు లేకుండ చూడు. దీపికమ్మకు పంటికింద పుల్ల తగిలితే ముద్ద దిగదు."

ముప్పై నాలుగేళ్ల నుంచి ఈ ఇంట్లో తింటున్న రోజాకు పంటికింద ఏమేం తగిలాయో కిష్టమ్మ ఏనాడూ అడగలేదు. రోజా ఇంకో పిడికెడు చిగురు తీసుకుంది.

వచ్చే మనిషి చుట్టం కాదు. పద్నాలుగేళ్ల కింద ఆత్మకూరుకు కరెంటు ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరుగా వచ్చి, ఈ ఇంటి ముందు గదిలో రెండేళ్లు అద్దెకున్న దీపిక. ఇప్పుడు హైదరాబాదులో జనరల్ మేనేజరు. కరెంటు వాడుకునేవాళ్ల కష్టాలు చూసే విభాగమంతా ఆమె చేతి కింద ఉంది. రోజా నాయిన ఎల్లన్న అదే సంస్థలో ముప్పై నాలుగేళ్లు లైన్‌మన్‌గా చేసి పోయిన జూన్‌లో దిగిపోయాడు. రోజా కూడా అదే సంస్థలో ఉంది, వనపర్తి ఫిర్యాదుల కేంద్రంలో, నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీద. పొద్దున ఏడింటి బస్సుకు పోతుంది, చీకటి పడేవేళకు వస్తుంది. పెనిమిటి స్టీఫెన్ ముంబై పక్క భివండీలో క్రేన్ నడుపుతాడు, క్రిస్మస్‌కు వస్తాడు. ఉద్యోగం పర్మనెంటు అయితే వనపర్తిలోనే ఇల్లు తీసుకుని అతన్ని పిలిపించుకోవచ్చని రోజా ఆశ. దీపిక ఒక్క మాట రాస్తే అయ్యే పని అది.

"నోరు తెరిచి అడుగవే," అంటుంది కిష్టమ్మ ప్రతిసారీ.

రోజా అడగదు. అడిగితే ఆ పని కూడా దీపిక ఖాతాలోకే పోతుంది. ఊరంతా చెప్పుకుంటారు, దీపికమ్మ రోజాకు నౌకరి ఇప్పిచ్చిందని.

మొదట్లో గట్ల లేకపోయింది. దీపికది గద్వాల. మగ్గం చప్పుడు మధ్య పుట్టి పెరిగిన పిల్ల. ఇరవై మూడేళ్లకు పెద్ద కళ్లద్దాలు, చిన్న సూట్‌కేసు పట్టుకుని ఈ వాకిట్లో దిగినప్పుడు రోజాకు ఇరవై. డిప్లొమా రెండో ఏడు తప్పి ఇంట్లో కూర్చుని ఉంది. ఆ రోజుల్లో కరెంటు పోతే రైతులు ఆఫీసుకు కాదు, ఈ ఇంటికే ఫోను చేసేవాళ్లు. ఎల్లన్న స్తంభాల మీద ఉంటే కిష్టమ్మ ఎత్తేది. ఎక్కడ పోయిందంటే ఏ రైతూ నంబరు చెప్పడు. అబ్రహాం బావి కాడ అంటాడు, కోమటోళ్ల మడి కాడ అంటాడు. ఆఫీసు పుస్తకంలో ఉన్నవేమో వట్టి నంబర్లు. పేరు చెవిన పడంగనే కిష్టమ్మ నంబరు చెప్పేది. అది నలభై మూడు, ఇది పన్నెండు అని. చదువు రాని మనిషి నూట పది ట్రాన్స్‌ఫార్మర్లు నోటి మీద పెట్టుకుంది.

దీపిక అది నెల రోజులు చూసింది. ఒక ఆదివారం నోటుపుస్తకం పట్టుకుని కిష్టమ్మ ముందు కూర్చుంది. కిష్టమ్మ పేర్లు చెప్పింది. కానీ ఏ పేరు ఏ పొలం గట్టున ఉందో చూపించింది మాత్రం రోజానే. దీపిక స్కూటీ వెనక కూర్చుని, నలభై దినాలు, ఎండలో, రేగడి బురదలో. ఒకసారి బండి జారి ఇద్దరూ వాగులో పడ్డారు. రోజా మోకాలి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

నంబర్ల పక్కన జనం పిలిచే పేర్లు చేర్చి దీపిక ఒక పట్టిక చేసింది. తర్వాత ఒక్కో పేరు పక్కన రైతు ఫోను నంబరు కూడా ఎక్కించింది. రైతు మాట్లాడనక్కర్లేదు, మిస్డ్ కాల్ కొడితే చాలు. ఎవరి ఫోనో చూసి కంప్యూటరే ఏ ట్రాన్స్‌ఫార్మరో చెబుతుంది, లైన్‌మన్‌కు కబురు పోతుంది. రెండు రోజులు పట్టే పని రెండు గంటల్లో అయింది. పెద్దసార్లు వచ్చి చూసిపోయారు. దీపిక ప్రమోషన్ మీద ఏడీఈ అయ్యి పెబ్బేరుకు పోయింది. తర్వాత గద్వాలకు వేస్తే, లైన్ల మరమ్మతుకు కరెంటు తీసే రోజును నేతగాళ్ల వాడల్లో అమాసకు మార్చింది. అమాసనాడు ఎట్లాగూ మగ్గం నడవదు. ఇంత చిన్న సంగతి అంతకుముందు ఎవరికీ తట్టలేదు, తట్టినా ఎవరూ చేయలేదు. ఇంకో మెట్టు ఎక్కి నాగర్‌కర్నూల్‌లో డీఈగా ఉన్నప్పుడు బిల్లు మీద అక్షరాలు ముసలివాళ్లు చదివేంత పెద్దగా అచ్చు వేయించింది. పేపర్లో ఫోటో పడింది. కిష్టమ్మ దాన్ని కత్తిరించి అద్దం పక్కన అన్నం మెతుకులతో అతికించింది. రోజా రోజూ తల దువ్వుకునేటప్పుడు తన ముఖం, దీపిక ముఖం పక్కపక్కనే కనిపిస్తాయి.

దీపిక మంచిదే. అదే రోజాకు మింగుడుపడని సంగతి. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకునేది. ప్రతి సభలోనూ దీపిక "ఆత్మకూరులో కిష్టమ్మ అని ఒక అమ్మ ఉంది, నేర్పింది ఆమెనే" అని చెబుతుంది. రోజా పేరు మాత్రం ఏ సభలోనూ రాలేదు. కావాలని కాదు. గుర్తుకు రాలేదంతే. కావాలని చేసుంటే బాగుండు అనుకుంది రోజా ఎన్నోసార్లు.

పదకొండుకు కారు వచ్చి వాకిట్లో ఆగింది. దీపిక దిగింది. కళ్లద్దాలు అవే, జుట్టులో రెండు తెల్లవెంట్రుకలు. కిష్టమ్మ తడిచేతులతోనే ఎదురుపోయి ఆమె మొహం నిమిరింది.

"ఎంత చిక్కినవ్ బిడ్డా! అన్నం పెడ్తలేరా ఆ పట్నంల?"

"పెడ్తరమ్మా, నీ లెక్క తిట్టుకుంట పెట్టరు. గందుకే ఒంటికి పట్టదు."

కిష్టమ్మ పొంగిపోయింది. ఎల్లన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"కూసో ఎల్లన్నా. ఇప్పుడు నేను నీకు ఆఫీసర్ని కాదు."

"మీరు ఎప్పటికీ మేడమే," అన్నాడు ఎల్లన్న, తువ్వాల సర్దుకుంటూ.

దీపిక రెండు చీరలు తెచ్చింది. వాళ్లమ్మ నేసినవి. కిష్టమ్మకు మామిడిపండు రంగుది, పెద్ద కొంగు. రోజాకు పచ్చది. రెండూ మంచివే, కానీ కిష్టమ్మ చీర జరీ ఇంకో రెండు వేళ్లు వెడల్పు. ఎవరూ చూడకుండా రోజా కొలిచేసింది.

"నీకు పచ్చ బాగుంటది రోజా."

"బాగున్నదక్కా," అంది రోజా. ఆఫీసులో మేడం, ఇంట్లో అక్క. రెండు పిలుపులూ ఆమెకు బరువే.

అందరూ నేల మీద కూర్చున్నారు. కిష్టమ్మ మొదటి గరిటె దీపిక కంచంలో వేసింది, ముక్కలు ఏరి మరీ. దీపిక రెండు ముద్దలు తిని కళ్లు మూసుకుంది.

"చిగురు ఎవరు దూసిండ్రు? ఒక్క పుల్ల లేదు."

"నేనే దగ్గరుండి దూయిచ్చిన," అంది కిష్టమ్మ.

మాటలు పెబ్బేరు సంత మీదికి మళ్లాయి. ఎల్లన్న ముందురోజు శనివారం పోయి వచ్చాడు.

"ఎస్తేరమ్మ కనపడ్డదా?" అడిగింది కిష్టమ్మ.

ఎల్లన్న అన్నం కలుపుతూ తల వంచుకున్నాడు. "కనపడ్డది. నన్ను జూసి ముఖం తిప్పుకొని పోయింది."

"ఎవరమ్మా ఎస్తేరమ్మ?" అంది దీపిక.

కిష్టమ్మ చెప్పింది. ఊర్లో అందరికీ తెలిసిన కథే. ఎస్తేరమ్మ పత్తి విత్తనం పంట వేసే రైతు, పెనిమిటి పోయాక ఒక్కతే చేసుకుంటోంది. ఎల్లన్నను తమ్ముడా అని పిలిచేది. పోయిన భాద్రపదంలో, కూలోళ్లు పువ్వు పువ్వుకు పుప్పొడి అద్దే పనిలో ఉండగా, ఆమె మోటారుకు కరెంటు పోయింది. వాన లేదు. ఆ నాలుగు దినాలు ఎల్లన్న ఇంటిల్లిపాదీ నాగర్‌కర్నూల్‌లో చర్చి పెళ్లికి పోయి ఉన్నారు. ఎస్తేరమ్మ మిస్డ్ కాల్ మీద మిస్డ్ కాల్ కొట్టింది. ఎల్లన్నకూ ఫోను చేసింది.

"నేనేమన్ననో తెల్సా మేడం," అన్నాడు ఎల్లన్న. "ఇంకోపారి మిస్డ్ కాల్ కొట్టక్కా, అది మనిషి లెక్క మరిచిపోదు అన్న. ఊరూరు తిరిగి, నాకు ఫోను కొట్టొద్దు, ఆ నంబరుకే కొట్టుండ్రి, మా రోజా కూడ ఆడనే ఉంటది అని చెప్పినోన్ని నేనే. ఐదో దినం వచ్చి చూస్తే పూతంత రాలిపోయింది. ఫ్యూజు పోయింది, పది నిమిషాల పని. వేసిన. ఏం లాభం? విత్తనం కంపెనీవాళ్లు ఈసారి ఆమెకు పంట ఇయ్యలేదు."

"లైన్‌మన్ పోలేదా?"

"రవి అని కొత్త పిలగాడు. పోయిన, కరెంటున్నది, సమస్య లేదు అని నాలుగు దినాలు నాలుగుసార్లు రాసిండు. పోకుండనే పోయిన అంటవా అని నేను సబ్‌స్టేషన్ల అందరి ముందట వాని కాలర్ పట్టుకున్న. యేసయ్య మీద ఒట్టు, పోయిన అన్నడు. నేను నమ్మలే."

రోజా నీళ్ల చెంబు అందుకుంది. 

రవి పోయాడని ఆమెకు తెలుసు. ఎక్కడికి పోయాడో కూడా తెలుసు.

నాలుగేళ్ల కింద, హెడ్‌ఫోను పెట్టుకుని కుర్చీలో కూర్చున్న మొదటి రోజే రోజా ఆ తప్పు చూసింది. పాలమూరులో బావికి పేరు తవ్వినోళ్లది. అమ్ముకున్నా, చేతులు మారినా, తవ్వినోళ్ల పేరు బావిని విడవదు. ఎస్తేరమ్మ తవ్వించిన బావిని ఎప్పుడో రామచంద్రయ్యకు అమ్మేసింది, దాన్ని ఇప్పటికీ ఎస్తేరమ్మ బావి అనే అంటారు. ఆమె తర్వాత కొన్నది గుట్ట కింద పొలం, అది అబ్రహాం తవ్విన బావి, అబ్రహాం పేరే. ఇది పొలంలో పెరిగినవాళ్లకు చెప్పాల్సిన సంగతి కాదు. మగ్గాల వాడలో పెరిగిన దీపికకు తెలియలేదు. ఎస్తేరమ్మ బావి అంటే ఎస్తేరమ్మదే కదా అనుకుంది. ఆమె ఫోను నంబరును పద్దెనిమిదో ట్రాన్స్‌ఫార్మర్‌కు కట్టేసింది. ఎస్తేరమ్మ మోటారు ఉన్నది నలభై మూడు మీద. అంతకుముందు ఆమె ఎల్లన్నకే నేరుగా ఫోను చేసేది, అందుకే ఆ తప్పు ఎవరి కంటా పడలేదు.

రోజా చెప్పలేదు. ఎస్తేరమ్మ మిస్డ్ కాల్ తెర మీదికి రాగానే పద్దెనిమిది చెరిపి, నలభై మూడు కొట్టి పంపేది. ఎవరికీ తెలియదు. దీపిక కట్టిన అంత పెద్ద గోడలో ఒక్క ఇటుక వదులుగా ఉందని తెలిసింది తనొక్కదానికే. ఆ తప్పు ఒక్కటే ఈ మొత్తం పనిలో తన సొంతం. దీపిక ఫోటో పేపర్లో పడ్డప్పుడల్లా రోజా దాన్ని తలుచుకుని కొంచెం చల్లబడేది. తను సెలవు పెట్టిన రోజుల్లో ఎస్తేరమ్మ ఫిర్యాదు తప్పుడు చోటికి పోతుందని తెలుసు. ఒకరోజుదేలే, మళ్లీ నేను వస్తగా అనుకునేది. పెళ్లి నాలుగు రోజులు పట్టింది.

పెళ్లి నుంచి వచ్చాక చెబుదామనుకుంది. చెబితే దీపిక ఒక్క నిమిషంలో సరిచేస్తుంది, ఇంకో సభలో ఇంకో కథ చెబుతుంది. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఎనిమిది నెలలు గడిచాయి.

"నేను వచ్చింది కూడా దగ్గరదగ్గర గిసువంటి పని మీదనే," అంది దీపిక. "మంగళవారం బయటి రాష్ట్రాల నుంచి పెద్దవాళ్లు వనపర్తికి వస్తున్నరు, మన కేంద్రం చూడనీకి. వాళ్లకు నచ్చితే ఇంకా నాలుగు రాష్ట్రాల్ల పెడ్తరు. నన్ను డైరెక్టరు చేయాల్నా వద్దా అన్నది కూడ దానిమీదనే ఉంది. నేను నెల రోజుల సంది లెక్కలన్నీ తీసి చూస్తున్న. ఆత్మకూరు దిక్కు ఒకటి వింత కనపడ్డది. రోజా డ్యూటీల ఉన్న దినం వచ్చిన ఫిర్యాదు మళ్ల రాదు. రోజా లేని దినం వచ్చినయి కొన్ని రెండుసార్లు, మూడుసార్లు వస్తయి."

ఎల్లన్న కూతురి వైపు చూశాడు. ఆయన కళ్లలో ఎన్నాళ్లకో వెలుగు కనిపించింది.

"అంటే నువ్వు ఏదో చేస్తున్నవ్ రోజా, మిగతావాళ్లు చేయంది. నాకు చెప్పు. అందరికీ నేర్పిద్దాం. గద్వాల, నాగర్‌కర్నూల్, అన్ని చోట్లా తిరిగి నేర్పే పని నీకే ఇయ్యాలని, పర్మనెంటు చేయాలని నీ పేరు రాసి పెట్టిన. మంగళవారం మొదటి కుర్చీల నువ్వే కూసోవాలె. రేపు పొద్దున ఆ కాయితం పంపిస్త."

అడగకుండానే వచ్చింది. నాలుగేళ్లుగా ఎదురుచూసినది కంచం పక్కన పెట్టినట్టు వచ్చింది. "ఏం లేదక్కా, జర చూసుకుంట చేస్త, అంతే" అంటే సరిపోయేది. రోజా ఆ మాట అనబోయింది కూడా. పెదవుల దాకా వచ్చింది.

కిష్టమ్మే ఆగలేదు. "దాని మొఖం, అది చేసేదేముంది? నువ్వు రాసి పెట్టినవ్, అది ఒత్తుతది. నూట పది పేర్లు, ఒక్క తప్పు లేకుండ రాసింది నా బిడ్డ. కన్నబిడ్డ కూడ పక్కన కూసొని నేర్చుకోకపాయె."

"తప్పు లేకుండనా?"

ఆ గొంతు ఎవరిదో అన్నట్టు రోజాకే వినిపించింది.

"తప్పు లేకుండనా అమ్మా? ఎస్తేరమ్మ బావి ఎవరిది? చెప్పు. రామచంద్రయ్యది కాదా? ఎస్తేరమ్మ పొలం అబ్రహాం బావి కాడ లేదా? నీ బిడ్డకు గది తెల్వదు. నీ బిడ్డ ఎస్తేరమ్మ ఫోనును పద్దెనిమిదికి కట్టింది. రవి నాలుగుసార్లూ పోయిండు. రామచంద్రయ్య పొలానికి పోయిండు. ఆడ కరెంటున్నది, ఉన్నదని రాసిండు. నేను ఉన్న దినం నలభై మూడు అని మార్చి పంపుత. గంతే నేను చేసేది. గదే నా పని!"

కళ్లలో నీళ్లొచ్చాయి. గెలిచినట్టే అనిపించింది, ఒక్క క్షణం. కిష్టమ్మ నోరు తెరుచుకుని దీపికను చూసింది. రోజా కూడా దీపికనే చూసింది, ఆ మొహం ఎట్లా మారుతుందోనని.

దీపిక కంచం పక్కకు జరిపింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"నీకు ఎప్పటి నుంచి తెల్సు రోజా?"

ఆ ప్రశ్న వస్తుందని రోజా అనుకోలేదు. అంత సేపట్లో ఆ ఒక్కటి అనుకోలేదు.

"చెప్పు."

"కుర్చీల కూసున్న మొదటి దినం నుంచి."

దీపిక లేచి చెయ్యి కడుక్కుంది. ఫోను తీసి ఆఫీసులో ఎవరికో చేసింది. "భానుప్రకాశ్, ఆత్మకూరు పట్టిక తెరువు. ఎస్తేరమ్మ అని ఉంటది. పద్దెనిమిది తీసి నలభై మూడు పెట్టు. ఆ... అయ్యిందా? సరే." మొత్తం ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"తప్పు నాదే," అంది దీపిక, ఫోను పక్కన పెట్టి. "రాసింది నేను. ఊరోళ్లను మళ్ల ఒక్కసారి అడిగి సరిచూసుకోవాల్సింది. చూసుకోలే. మంగళవారం వాళ్ల ముందట నేనే చెప్త, గిట్ల తప్పు చేసిన, ఒకరి పంట పోయింది అని."

ఆ ఒక్క తప్పు కూడా రోజాకు మిగల్చలేదు ఈ మనిషి. అది కూడా తనదేనని తీసేసుకుంది.

"కానీ నీ పేరు నేను పంపలేను రోజా. అక్క మీద కోపముంటే నన్ను తిట్టాల్సింది. ఇంటికొచ్చి కొట్టినా పడేదాన్ని."

"బిడ్డా, జర ఆగు, దానికి తెల్వక..." అంది కిష్టమ్మ.

"తెల్వక కాదమ్మా," అంది దీపిక. "తెల్సే."

రోజా తల ఎత్తి నాయినను చూసింది. ఆయన ఏమన్నా అంటే బాగుండు. కొట్టినా బాగుండు. చిన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కిందని ఒక్కసారే కొట్టాడు, ఆ రాత్రంతా కూతురి మంచం పక్కన కూర్చున్నాడు.

"నాయినా..."

ఎల్లన్న కంచంలో అన్నం సగం ఉంది. కలిపిన ముద్దను అక్కడే వదిలాడు. కంచంలోనే చెయ్యి కడిగాడు, అన్నం మీద నీళ్లు పోసి. ఆయన ఎప్పుడూ అట్లా చేసిన మనిషి కాదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచాడు. తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"ఏమయ్యా, యాడికి? గింత ఎండల?" అంది కిష్టమ్మ.

ఆయన చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. ఎడమది తిరగబడి ఉంటే వంగి చేత్తో సరిచేసుకున్నాడు. కూతురి వైపు గానీ దీపిక వైపు గానీ చూడకుండా కారు పక్క నుంచి వాకిలి దాటి, అబ్రహాం బావి ఉన్న గుట్ట దిక్కు తిరిగాడు.